పాస్టరమ్మ పేరుతో ఒక ఖాతా

బ్యాంకులో ఖాతా తెరిచే ఫారంలో 'వృత్తి' అని ఒక గడి వుంటుంది. మా కౌంటరు ముందుకు వచ్చే ఆడవాళ్ళలో చాలామంది ఆ గడి దగ్గర ఆగిపోతారు. తెల్లవారక ముందే ఆవు పాలు పితికి, పగలంతా కర్రపెండలం తోటలో కూలికి పోయి, రాత్రి పదిమందికి వండిపెట్టే మనిషి కూడా 'నాకేం పనుందమ్మా, యింట్లోనే వుండేది' అంటుంది. గుమాస్తా 'గృహిణి' అని రాసేస్తాడు. ముప్పయ్యేళ్ళుగా యీ మాట రాసీ, రాయించీ నాకూ అలవాటై పోయింది. కానీ ఒక రకం గృహిణి విషయంలో మాత్రం ఆ మాట రాయడానికి నాకు చెయ్యి రాదు. ఆమె పాస్టరు భార్య. ఆంధ్రలో అయ్యగారికి జతగా 'అమ్మగారు' అంటారు. మా వైపు 'పాస్టరమ్మ' అంటారు.

మా చెల్లెలు అలాంటి పాస్టరమ్మ. మా మరిది యౌవనస్థుల మధ్య సేవ చేస్తాడు. తమిళంలో 'వాలిబర్ ఊళియర్' అంటారు. ఆయన జుట్టు నెరిసింది గాని, కూటానికి వచ్చే పిల్లలు యిప్పటికీ 'అణ్ణా' అనే పిలుస్తారు. వాళ్ళు కాపురం వుండేది కంబైనల్లూరులో. మూడేళ్ళ క్రితం నాకూ యీ ఊరికే బదిలీ అయింది. అప్పటినుంచీ రెండు వీధుల అవతల వున్న ఆ యింటిని పండగకు వచ్చిపోయే చుట్టంగా కాక, రోజూ చూసే మనిషిగా చూస్తున్నాను. నేను చూసిందే యిక్కడ రాస్తున్నాను.

కంబైనల్లూరు తెలియని పాఠకుల కోసం ఒక మాట. ధర్మపురి జిల్లాలో యిదొక చిన్న పట్టణ పంచాయతీ. దగ్గరి రైలు స్టేషను మొరప్పూరు. ఊరి పేరే వున్న ఏరు పోయి దక్షిణ పినాకినిలో కలుస్తుంది. మామిడి, కర్రపెండలం, రాగి యిక్కడి పంటలు. వానలు సరిగా లేని యేడు మగపిల్లలు బెంగుళూరు కట్టడం పనులకూ, ఆడపిల్లలు తిరుప్పూరు బనియన్ల కంపెనీలకూ, కాస్త చదువుకున్నవాళ్ళు హోసూరు ఫ్యాక్టరీలకూ పోతారు. కాబట్టి యిక్కడ యౌవనస్థుల సేవ అంటే నిలకడగా వున్న పిల్లలతో చేసే పని కాదు. పోయేవాళ్ళనూ, తిరిగి వచ్చేవాళ్ళనూ కనిపెట్టుకుని వుండడం. ఎవడు యే బస్సుకు వచ్చాడు, ఎవతె మూడు నెలలుగా యింటికి ఫోను చెయ్యలేదు అన్నది పాస్టరుకంటే ముందు పాస్టరమ్మకు తెలుస్తుంది.

ఆమె వారం యెలా గడుస్తుందో చెబుతాను. ఆదివారం పొద్దున ఆరాధనకు ముందు సండే స్కూలు, మధ్యాహ్నం దూరం నుంచి నడిచి వచ్చినవాళ్ళకు అన్నం, సాయంత్రం యౌవనస్థుల కూటం. మంగళవారం ఆడవాళ్ళ ప్రార్థన. శుక్రవారం ఉపవాస కూటం. శనివారం మందిరం ఊడ్చి, చాపలు దులిపి పరచడం. మధ్యలో ఆస్పత్రిలో వున్నవాళ్ళను చూడడం, పురిటిళ్ళు, చావిళ్ళు. మే నెలలో పిల్లలకు సెలవు బడి. డిసెంబరులో యింటింటికీ క్రిస్మస్ పాటలు, అర్ధరాత్రి తిరిగొచ్చిన ముప్పయి మందికి టీ. నేను బి.కామ్. చదివినదాన్ని. లెక్క రాయకుండా వుండలేను. ఒక మామూలు వారంలో ఆమె సంఘం కోసం చేసిన పని గంటలు కాగితం మీద రాసి కూడితే 43 వచ్చింది. సొంతింటి వంటా, బట్టలూ యిందులో లేవు. ఆ వారానికి ఆమెకు వచ్చిన జీతం సున్న. జీతం లేదని ఆమె బాధపడడం లేదు. కాని లెక్క లెక్కే గదా.

2003లో యీ సంబంధం వచ్చినప్పుడు మా నాన్న వుండేవారు. హోసూరు వైపు తెలుగు బడిలో పంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్న మనిషి. పిల్లవాడి జీతం అప్పుడు నెలకు రెండున్నర వేలు. మిగతాది సంఘం వాళ్ళు ప్రేమతో యిచ్చే బియ్యం, కూరగాయలు. నాన్న ఒకే ఒక ప్రశ్న అడిగారు: 'సంఘం నిన్ను పిలిచింది సరే నాయనా, మా పిల్లను యెవరు పిలిచారు?' మా మరిది చప్పున జవాబు చెప్పలేకపోయాడు. కాసేపాగి, 'ఆమెను నేను పిలుస్తున్నానండీ. వస్తే సంతోషం. రాకపోతే తప్పు పట్టను' అన్నాడు. చెల్లెలు తలుపు వెనక నుంచి విని యిష్టపడింది. ఆ ప్రశ్న మాత్రం యిరవై యేళ్ళు దాటినా మా యింట్లో బతికే వుంది.

ఇలాంటి ప్రశ్నే వంద యేళ్ళకు ముందు మరో యింట్లోనూ వచ్చి వుండాలి. దోర్నకల్ బిషప్ వేదనాయగం సామ్యూల్ అజరయ్య పేరు తెలుగు క్రైస్తవులందరికీ తెలుసు. భారతదేశంలో ఆంగ్లికన్ సంఘానికి తొలి భారతీయ బిషప్, 1912లో అభిషేకం పొందారు. కాని అంతకుముందు ఆయన చేసింది యువజనుల సేవే. 1895 నుంచి 1909 దాకా వై.ఎం.సి.ఎ.లో కార్యదర్శిగా దక్షిణాదిలో కుర్రవాళ్ళ మధ్య తిరిగారు. 1898లో అంబు మరియమ్మాళ్‌ను పెళ్ళాడారు. దక్షిణ దేశపు క్రైస్తవ స్త్రీలలో కళాశాల చదువుకు పోయిన తొలితరం మనిషి ఆమె. 1909లో ఆయన నిజాం రాజ్యంలోని దోర్నకల్‌కు కదిలారు. తిరునల్వేలి తమిళ ఆడపడుచు తెలుగు పల్లెల మధ్య కాపురం పెట్టింది. మనం తెలుగు యిళ్ళ నుంచి తమిళ ఊళ్ళలో బతుకుతున్నాం. ఆమె అటునుంచి యిటు నడిచింది. పరాయి భాషలో పొరుగింటి ఆడవాళ్ళతో మంచీ చెడూ మాట్లాడడం యెంత కష్టమో మన పత్రిక పాఠకులకు నేను చెప్పాలా?

దోర్నకల్‌లో ఒక మంచి పద్ధతి వుండేది. బోధకుల పనికి తర్ఫీదు కోసం వచ్చే పెళ్ళయినవాళ్ళు భార్యాపిల్లలతో వచ్చేవాళ్ళు. భర్తలకు ఒక పక్క పాఠాలు జరుగుతుంటే, భార్యలకు మరో పక్క చదువు. ఆ భార్యల చదువులో అంబు అమ్మగారి చెయ్యి వుంది. పల్లెలో కాపురం పెట్టబోయే బోధకుని భార్య కూడా పనిమనిషే, ఆమెకూ తర్ఫీదు కావాలి అని వాళ్ళు గుర్తించారన్న మాట. ఇప్పుడు చాలా చోట్ల భర్తకు మూడు నాలుగేళ్ళ వేదాంత విద్య వుంటుంది. భార్యకు పెళ్ళినాడు యిచ్చే పూలదండ తప్ప యింకేమీ వుండదు. ఆ దండ మెడలో పడిన మరునాటి నుంచే ఆమె పాటల మాస్టరూ, నర్సూ, వంటమనిషీ, పంచాయతీ పెద్దా అన్నీ అయిపోవాలి.

ప్రపంచమంతటా వ్యాపించిన క్రైస్తవ యువజన సంఘాల్లో ఒకటి క్రిస్టియన్ ఎండెవర్. 1881 ఫిబ్రవరి 2న అమెరికాలో, మెయిన్ రాష్ట్రపు పోర్ట్‌లాండ్ పట్టణంలో, ఫ్రాన్సిస్ క్లార్క్ అనే యువ పాస్టరు దాన్ని మొదలుపెట్టాడు. అది పుట్టింది గుడిలో కాదు, పాస్టరు యింటి ముందు గదిలో. ఆ యింటి యిల్లాలి పేరు హారియట్ క్లార్క్. సంఘ స్థాపకుడెవరని అడిగితే పుస్తకం భర్త పేరు చెబుతుంది. పిల్లలందరూ వచ్చి కూర్చున్న ఆ గది యెవరి గది? బంగాళాఖాతానికి యిటు పక్కనున్న కంబైనల్లూరులోనూ సంగతి అంతే. మందిరంలో కూటం ఆరు గంటలకు మొదలై యేడున్నరకు ముగుస్తుంది. అసలు మాటలు ఆ తరువాత మా చెల్లెలి వంటింటి గడప మీద జరుగుతాయి. మందిరంలో నోరు మెదపని పిల్ల ఉల్లిపాయలు తరుగుతూ మాట్లాడుతుంది.

ఒక రాత్రి సంగతి చెబుతాను. గుర్తు పట్టకుండా వివరాలు కొంచెం మార్చాను. తొమ్మిది దాటాక ఒక అబ్బాయీ అమ్మాయీ వచ్చి తలుపు తట్టారు. ఆ పిల్ల మా కూటం పిల్లే. అబ్బాయిది వేరే కులం. 'అణ్ణా, యిప్పుడే మాకు పెళ్ళి చెయ్యండి' అన్నారు. మా జిల్లాలో యీ మాటకు వున్న బరువు బయటివాళ్ళకు తెలియదు. 2012 నవంబరులో ఒక కులాంతర వివాహం తరువాత ధర్మపురి దగ్గర నత్తం, దాని చుట్టుపక్కల దళితుల కాలనీల్లో యిళ్ళు తగలబెట్టారు. ఆ పొగ యింకా యెవరి మనసుల్లోంచీ పోలేదు. మా మరిది ముఖం పాలిపోయింది. తరిమేస్తే ఆ పిల్లలు యే రైలు పట్టాల మీద తేలుతారో. దగ్గర పెట్టుకుంటే తెల్లారేసరికి సంఘం మీదికి యెవరు వస్తారో.

మా చెల్లెలు ఆ పిల్లను వంటింట్లోకి తీసుకుపోయి అన్నం పెట్టింది. తింటూండగా అడిగింది: 'సర్టిఫికెట్టులో నీ వయసెంత పాపా?' పిల్ల తల దించుకుంది. పద్దెనిమిదికి యింకా అయిదు నెలలు తక్కువ. అప్పుడు యివతలికి వచ్చి భర్తతో అన్నది: 'పెళ్ళి మాట లేదు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం మామూలుగా పొద్దున ఆరుకూ సాయంత్రం యేడుకూ మధ్యనే పెళ్ళి జరపాలని మీరే నాకు చెప్పారు గదా. గంట దాటింది. అది వదిలేసినా వయసు చాలదు. కాని పిల్లను రాత్రిపూట బయటికి పంపను. నా పక్కన పడుకుంటుంది.' అబ్బాయిని మా మరిది ముందు గదిలో పెట్టుకున్నాడు. తెల్లవారుతూనే చెల్లెలు ఆ పిల్ల నమ్మే పిన్నిని పిలిపించింది. వాళ్ళిద్దరినీ వెంటబెట్టుకుని మహిళా పోలీసు స్టేషనుకు పోయి, పిల్ల మీద చెయ్యి వెయ్యమని, చదువు మాన్పించమని తల్లిదండ్రుల చేత రాయించి తెచ్చింది. ఆ పిల్ల ప్లస్ టూ ముగించి యిప్పుడు నర్సింగ్ చదువుతోంది. ఆ అబ్బాయి అప్పుడప్పుడు మా చెల్లెలికి ఫోను చేస్తాడు. వాళ్ళ కథ యేమవుతుందో వాళ్ళిష్టం. పెద్దవాళ్ళయారు.

ఆ యేడు సంఘం వార్షిక నివేదికలో యౌవనస్థుల సేవ గురించి ఒక పేజీ వుంది. యెన్ని కూటాలు, యెంతమంది హాజరు, యెంత చందా అన్నీ వున్నాయి. ఆ రాత్రి లేదు. వుండకూడదు కూడా, నిజమే. కాని యీ పని యెన్నటికీ నివేదికలోకి రాలేనిది కాబట్టి, చేసే మనిషి కూడా నివేదికలోకి రాకుండా పోతోంది.

ఇక కాపురం సంగతి. పాస్టరు యింటి కాపురం గాజు పెట్టెలో కాపురం లాంటిది. చీర కొంచెం మంచిది కడితే చందా డబ్బులంటారు, పాతది కడితే సాక్ష్యం చెడిందంటారు. భార్యాభర్తలు గొంతు పెంచి పోట్లాడుకోవడానికి కూడా వీలుండదు. పక్క గదిలో యెవరో ప్రార్థన కోసం కూర్చుని వుంటారు. వీళ్ళ మధ్య నాకు తెలిసిన పెద్ద తగాదా ఒకటే. పెద్దవాడి బడి ఫీజుకని దాచిన డబ్బును మా మరిది ఆస్పత్రిలో వున్న ఒక కుర్రవాడి మందులకు యిచ్చేశాడు. మంచి పనే. కాని అడగకుండా యిచ్చాడు. చెల్లెలు రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు అన్న మాట నాకు ఆమే చెప్పింది: 'సంఘానికంతా నేను తల్లిని, సరే. మన పిల్లలకు కూడా నేనే గదా తల్లిని? నన్ను అడిగి వుంటే నేనే యిచ్చేదాన్ని. ఇచ్చిన పుణ్యం మీకొక్కరికే యెందుకు?' ఆయన దానికి జవాబు వెతకలేదు. అప్పటినుంచి సోమవారం సాయంత్రాలు తలుపు మూసేస్తారు. ఆ రెండు గంటలు వాళ్ళవి. ఇంటి జమా ఖర్చు పుస్తకం యిద్దరూ కలిసి చూస్తారు. మొదట్లో సంఘ పెద్దలు గొణిగారు. తరువాత అలవాటు పడ్డారు. ఒక పెద్దాయన తన యింట్లో కూడా సోమవారం పుస్తకం తీస్తున్నారని విన్నాను.

నేను బ్యాంకు మనిషిని కాబట్టి నా ఆలోచన చివరికి డబ్బు దగ్గరికే వస్తుంది. సొంతంగా సేవ చేసుకునే పాస్టరుకు జీతం చీటీ వుండదు, ప్రావిడెంట్ ఫండ్ వుండదు. సంఘం యిచ్చిన యింట్లో వుంటాడు. ఆ యిల్లు ఆయన పనితో ముడిపడిన యిల్లు. ఆయనకు యేదైనా అయితే భార్య ఆ దుఃఖంలోనే సామాను కట్టుకోవాలి. అలా కట్టుకున్నవాళ్ళను నా ఉద్యోగ కాలంలో చూశాను. యిరవై అయిదేళ్ళు ఊరందరికీ అన్నం పెట్టిన మనిషి, తన పేరుతో ఒక్క పాసుబుక్కూ లేక, కౌంటరు ముందు నిలబడి, 'ఆయన ఖాతాలో యేమైనా వుందా అమ్మా' అని అడగడం చూశాను.

అందుకే 2015లో అటల్ పెన్షన్ పథకం వచ్చినప్పుడు మొదట మా చెల్లెల్ని కూర్చోబెట్టాను. ఆ పథకంలో చేరే వయసు పద్దెనిమిది నుంచి నలభై దాకా. ఆమెకు అప్పుడు ముప్పయ్యారు. ఆ వయసుకు నెలకు 594 రూపాయలు కడుతూ పోతే అరవై నిండాక నెలకు మూడు వేల పెన్షన్. ట్యూషను చెప్పి సంపాదించే డబ్బులోంచి తన పేరుతో ఖాతా తెరిచింది. మరిదికి జీవిత బీమా, ప్రమాద బీమా రాయించాం. ప్రభుత్వ పథకాల్లో యిప్పుడు యేడాదికి మొదటిదానికి 436, రెండోదానికి 20 రూపాయలు. ఒక్కొక్కటి రెండు లక్షల దాకా. ఇవి పెద్ద మొత్తాలు కావు. కాని సామాను కట్టుకోవలసిన రోజున మూడు నెలల అద్దెకు చెయ్యి చాపకుండా కాపాడతాయి. పెన్షన్ పథకంలో చేరే వయసు దాటినవాళ్ళు కనీసం పి.పి.ఎఫ్. ఖాతా తెరవచ్చు. యేడాదికి 500 రూపాయలు కట్టినా అది నిలుస్తుంది.

ఇది విశ్వాసం లేని మాట అని కొందరన్నారు. 'దేవుడు చూసుకుంటాడు, పాస్టరమ్మకు పాసుబుక్కెందుకు?' అని. వాళ్ళకు నేను మా జిల్లా చరిత్ర చెబుతాను. తమిళనాడులో మహిళా పొదుపు సంఘాల పని 1989లో ఐఫాడ్ అనే అంతర్జాతీయ సంస్థ సాయంతో మొదలైంది మన ధర్మపురి జిల్లాలోనే. 1992లో నాబార్డ్ యీ సంఘాలను బ్యాంకులతో కలిపింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో చెంగున పది రూపాయలు ముడేసుకుని వచ్చిన ఆడవాళ్ళను చూశాను. వాళ్ళెవరూ దేవుణ్ణి నమ్మడం మానలేదు. మొగుణ్ణి అడుక్కోవడం మాత్రం మానారు. మా ఊళ్ళో రెండు పొదుపు సంఘాలకు లెక్కలు రాసిపెట్టింది పాస్టరమ్మే. ఊరి ఆడవాళ్ళందరికీ పాసుబుక్కు తెప్పించిన మనిషికి తన పాసుబుక్కు వుండకూడదా?

ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీగా పనిచేసిన జాన్ క్లౌ పేరు తెలుగువాళ్ళు మరచిపోలేదు. ఆయన 1910లో చనిపోయాడు. 1914లో ఆయన ఆత్మకథ వెలువడింది. పుస్తకమంతా 'నేను, నేను' అని ఆయన గొంతే. రాసింది మాత్రం ఆయన రెండో భార్య ఎమ్మా. అట్ట లోపలి పేజీలో ఆ మాట స్పష్టంగా వేశారు: ఆయన చెప్పగా భార్య రాసిందని. ఆ ఎమ్మా స్త్రీల హక్కుల కోసం రాసిన మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద పరిశోధన చేసిన మనిషి. 1898లో ఆ పుస్తకం వచ్చింది. భర్త కథ రాసేటప్పుడు తన గొంతు దాచుకుంది గాని, పేరు దాచుకోలేదు. పాస్టరమ్మల విషయంలో నేను కోరేది అంతకు మించి యేమీ లేదు.

కాలం మారకపోలేదు. దక్షిణ ఇండియా సంఘంలో స్త్రీలు గురువులవుతున్నారు. 2013లో నంద్యాల బిషప్‌గా ఇ. పుష్పలలిత అభిషేకం పొందారు. ఆ సంఘంలో తొలి మహిళా బిషప్ మన తెలుగు మనిషే. పిలుపు నేరుగా తనకే వచ్చిన స్త్రీకి ద్వారం తెరిచారు, సంతోషం. భర్తకు వచ్చిన పిలుపును పంచుకున్న స్త్రీ సంగతి మాత్రం యింకా గుమ్మం దగ్గరే వుంది.

సంఘ పెద్దలకు నావి మూడే కోరికలు. పాస్టరును పిలిచేటప్పుడు భార్యను కూడా కూర్చోబెట్టి, ఆమె యేం చెయ్యగలదో, యేం చెయ్యలేదో అడగండి. ఆమె చేసే పనికి యేటా యెంతో కొంత ఆమె పేరుతోనే వెయ్యండి. ఆయన తరువాత ఆమెకు యింట్లో కనీసం ఒక యేడాది నిలిచే హక్కు కాగితం మీద రాసివ్వండి.

ఈ వ్యాసం పత్రికకు పంపే ముందు చెల్లెలికి చదివి వినిపించాను. రెండో కోరిక దగ్గర అడ్డం వచ్చింది. 'జీతం మాట వద్దులే అక్కా. పైసలిచ్చినాక పని చెప్పేది మొదలుపెడతారు. నన్ను అడగమను చాలు. అడిగితే నేను యేది కాదన్నాను?' అంది. నాకు ఆమె మాట సగమే నచ్చింది. అడగడం మర్యాద, ఖాతా భద్రత. ఒకటి రెండోదానికి బదులు రాదు. అందుకని మూడు కోరికలూ అలాగే వుంచి, ఆమె మాట కూడా ఆమె చెప్పినట్టే రాశాను. ఏది సబబో పాఠకులే చెప్పాలి.